మొదలెటో చూడని ఈక

హనుమకొండలో పిట్టల డాక్టరమ్మ ఆస్పత్రి ఎక్కడ అని అడిగితే ఆటోవాళ్లు కూడా దారి చెబుతారు. డాక్టర్ సువర్చలకు అంత పేరు వచ్చింది మందుల వల్ల కాదు. మేడమీది గదిలో ఆరేళ్లు కూర్చుని ఆమె తయారుచేసిన ఒక యంత్రం వల్ల. కాగితాల మీద దాని పేరు భయదర్శిని. ఆస్పత్రిలో పనిచేసేవాళ్లు మాత్రం భయం మిషన్ అనేవారు, అదీ ఆమె చెవిన పడకుండా.

ఒకరోజు బ్యాంకులో పనిచేసే ఒకావిడ పంజరాన్ని దుప్పట్లో చుట్టి తెచ్చింది. లోపల పసుపుపచ్చ చిలుక. మెడ కింది నుంచి పొట్ట దాకా ఒక్క ఈక లేదు. తన ఒంటిని తానే పీకి పెట్టుకుంది.

"పేలు పట్టినయా మేడం?" అంది ఆవిడ భయంగా.

పేలు లేవు. చర్మం మీద బూజు లేదు. రక్తంలో జింకు లేదు, కాలేయం బాగుంది, తిండికి లోటు లేదు. ఇవన్నీ ఒకదాని తర్వాత ఒకటి కొట్టేశాక గానీ సువర్చల యంత్రం జోలికి పోదు. పక్షి తన ఈకలు తానే పీక్కోవడానికి సవాలక్ష కారణాలుంటాయి. ఒంటి కారణాలన్నీ పోగా మిగిలింది మనసుది. దాన్ని పక్షి నోరు విప్పి చెప్పదు కదా.

ల్యాబు చూసుకునే ఖదీర్ చిలుక రెక్కలోంచి ఒక ఈక తీశాడు. తీసిన చేత్తోనే దాని మొదట్లో ఎర్ర సిరా చుక్క పెట్టాడు. ఆ గదిలో అది మొట్టమొదటి నియమం. ఈక కొన ముందు పుడుతుంది, మొదలు ఆఖరున పుడుతుంది. రోజుకు బియ్యపు గింజలో సగమంత పెరుగుతుంది. పెరిగేటప్పుడు పక్షి రక్తంలో ఏముంటే అది ఈక నడిమి కాడలో చిక్కుకుని ఎండిపోతుంది. పక్షి వణికిన పూట వణుకు తాలూకు జాడ అక్కడే ఉండిపోతుంది, ఈక రాలిపోయినా సరే.

ఖదీర్ నూగంతా గీకేసి, వట్టి కాడను యంత్రంలో పెట్టాడు. తెర మీద చారలు వచ్చాయి. తెల్ల చార పగలు, నల్ల చార రాత్రి. వాటి మీద సన్నటి గీత ఒకటి లేస్తూ పడుతూ పోతోంది.

"రోజూ పగటి పూట నడిమిట్ల భయం లేస్తున్నది," అంది సువర్చల. "ఏడు రోజులకొకసారి లేదు. ఆదివారం మీ ఇంటి దగ్గర ఏం ఉండదు?"

ఆవిడ నెత్తి కొట్టుకుంది. "పక్కింట్ల టైల్స్ కోసే మిషన్ పెట్టిన్రు మేడం! నేను బ్యాంకుకు పోతా కదా, నాకేం తెల్వదు."

పంజరం వెనక గదికి మారింది. రెండు నెలల్లో చిలుకకు నూగు వచ్చింది.

అన్నీ ఇంత తేలిగ్గా తేలేవి కావు. నక్కలగుట్టలో ఒకరింటి పక్షి ఈకలో భయం గీత సాయంత్రం నాలుగు గంటల దగ్గర లేచింది. ఆ వేళకు ఇంట్లో ఉండేది డ్రైవరు ఒక్కడే. వారం తిరక్కుండా అతని పని పోయింది. అతను నిజంగా ఏం చేశాడో ఎవరూ అడగలేదు. ఆ సంగతి ఖదీర్ చెప్పినప్పుడు సువర్చల రిపోర్టు మీంచి తల ఎత్తలేదు.

"కారణం చెప్పుడు నా పని. కారణాన్ని ఏం చేసుకుంటరో వాళ్ల ఇష్టం."

ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్లో పడ్డట్టు, ఆ ఏడాది వానాకాలంలో ఆమె ఇంట్లో పక్షే ఈకలు పీక్కోవడం మొదలుపెట్టింది.

అది కాకటూ, చిలుకల జాతిదే. తెల్లటి ఒళ్లు, నెత్తిన పసుపు కుచ్చు. సువర్చల కూతురు కేతకి దానికి కొబ్బరి అని పేరు పెట్టుకుంది. కేతకికి పదేళ్లు, ఐదో తరగతి. పంజరం ఉండేది కేతకి చదువుకునే గదిలోనే. బడి నుంచి వచ్చాక పిల్ల ఎవరితో మాట్లాడినా మాట్లాడకపోయినా కొబ్బరితో మాట్లాడేది. తండ్రి నాగేందర్‌ది కాజీపేట రైల్వే షెడ్డులో పని, షిఫ్టు ఎప్పుడు పడితే అప్పుడు. తల్లి రాత్రి ఎనిమిదికి గానీ ఇల్లు చేరదు. పొద్దున మాత్రం ఐదున్నర నుంచి ఏడింటి దాకా సువర్చల స్వయంగా కూర్చుని కూతురికి లెక్కలు చెప్పేది. వచ్చే ఏడాది పెద్ద బడి ప్రవేశ పరీక్ష ఉంది. ఎంత పని ఉన్నా ఒక్క పొద్దు కూడా మానలేదని, పిల్ల మీద ఒక్కనాడు చెయ్యి ఎత్తలేదని ఆమెకు కాస్త గర్వంగానే ఉండేది.

పక్షి సంగతి మొదట కనిపెట్టింది నర్సవ్వ. పరకాల దగ్గరి పల్లె మనిషి, యాభై దాటిన ఆడది. పిల్లను చూసుకోవడానికి, వంటకు కొత్తగా కుదిరింది. వచ్చిన మూడో రోజే డాక్టరమ్మను పంజరం దగ్గరికి పిలిచింది.

"గీ పిట్టను జూడమ్మా. రెక్క కింద బోడిగైంది. ఎన్నొద్దుల సంది పీక్కుంటున్నదో."

సువర్చలకు సిగ్గేసింది. ఆ సిగ్గు కాసేపటికి కోపమైంది. ఇన్నాళ్లూ లేనిది ఈమె రాగానే మొదలైందేమిటి అనుకుంది. ఇన్నాళ్లూ తాను చూడలేదన్న సంగతి మాత్రం తట్టలేదు.

తరవాత అన్ని పరీక్షలూ చేసింది. ఒంట్లో ఏ జబ్బూ దొరకలేదు. ఆగస్టు వచ్చేసరికి కొబ్బరి రొమ్ము మీద పుండు పడింది. మెడకు అట్టపట్టీ కడితే దాన్నీ చీల్చేసింది.

"కొబ్బరి చచ్చిపోతదా అమ్మా?" అని అడిగింది కేతకి.

"చావనియ్య. దేనికి భయపడుతున్నదో తెలిస్తే చాలు. కనుక్కుంట చూడు."

ఆ మాట పిల్లకిచ్చింది కాబట్టి సువర్చల ఇంట్లోవాళ్లను అనుమానంగా చూడటం మొదలుపెట్టింది. ఇంట్లోవాళ్లంటే ఎవరు, నర్సవ్వే. ఆమె జర్దా నములుతుంది. జర్దా అంటిన చేతులతో ముట్టుకుంటే పక్షికి మంట పుడుతుందన్న సంగతి పుస్తకాల్లోనే ఉంది. పొద్దున లెక్కలు చెప్పేటప్పుడు పాలని ఒకసారి, నీళ్లని ఒకసారి ఊరికే గదిలోకి వస్తుంది. పంజరాన్ని అడక్కుండా వంటింట్లోకి మోసుకుపోతుంది. అన్నిటికన్నా సువర్చల గొంతులో ముల్లులా ఉన్నది వేరే ఉంది. పిల్ల జడ వేయించుకునేది నర్సవ్వ దగ్గరే. అరగంట సేపు ఆమె ఒడిలో తల పెట్టి కూర్చుని నవ్వేది. కన్నతల్లి దగ్గర ఆ నవ్వు ఎప్పుడు విన్నదో సువర్చలకు గుర్తు లేదు. ఇది అసూయ అని ఆమె ఒప్పుకుని ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఒక ఆదివారం పంజరం అడుగున తోక ఈక ఒకటి దొరికింది. కొబ్బరి దాన్ని రెండు చివరలా కొరికేసింది, నూగు మొత్తం నమిలేసింది. మిగిలింది వట్టి కాడ. ఇంకో ఈక పీకుదామంటే పక్షి ఒళ్లు పుండుగా ఉంది, పైగా కేతకి ఏడుస్తోంది. సువర్చల ఆ కాడనే తీసుకుని ఆస్పత్రికి పోయింది. ఖదీర్‌కు సెలవు.

కొన ఎటో మొదలెటో చూసి తెలుసుకోవడానికి నూగు లేదు. రెండు చివరలా కాలిపర్ అనే కొలపుల్లతో మందం కొలిస్తే తెలుస్తుంది. మొదలు వెంట్రుకవాసి లావుగా ఉంటుంది. అరనిమిషం పని. సువర్చల ఆ అరనిమిషం ఆగలేదు. కాడను యంత్రంలో పెట్టింది.

నలభై చారలు. మొదటి ఇరవై రోజులూ గీత అటూ ఇటూగా నేల మీదే ఉంది. సరిగ్గా సగం దగ్గర నిట్టనిలువుగా లేచి ఆఖరి రోజు దాకా కొండలా నిలబడింది. ప్రతి రోజూ నల్ల చారకు ముందే లేస్తోంది, అంటే సాయంత్రం. సాయంత్రం ఆ గదిలో ఉండేది నర్సవ్వ. ఆమె పనిలో చేరి ఎన్నాళ్లయిందో సువర్చల వేళ్ల మీద లెక్కపెట్టింది. ఇరవై రోజులు.

అప్పుడు, బొమ్మ చూశాక, కాడకు ఎర్ర చుక్క పెట్టింది.

మర్నాడు కేతకి బడికి పోగానే నర్సవ్వను బట్టలు సర్దుకోమంది.

"నేనేం జేసిన డాక్టరమ్మా?"

"నువ్వు వచ్చినప్పటి సంది పక్షి భయంతోని చస్తున్నది. మాపటిపూట ఏం చేస్తున్నవో నాకు తెల్వదు. మిషన్ అబద్ధం చెప్పదు."

"మిషన్ సంగతి నాకేం తెలుసు. నేను పోతా గని, పిల్ల గురించి ఒక్క మాట చెప్తా, ఇనమ్మా..."

"నా పిల్ల గురించి నువ్వు నాకు చెప్పకు," అంది సువర్చల.

నర్సవ్వ లోపలికి పోయింది. సంచి సర్దుకుని, కేతకి బడి నుంచి వచ్చేలోపే వెళ్లిపోయింది. సాయంత్రం పిల్ల ఇల్లంతా వెతికింది. తల్లి ఎనిమిదింటికి వచ్చి విషయం చెప్పింది. కొబ్బరి పీక్కోవడానికి కారణం నర్సవ్వ, అందుకే పంపించేశాను, ఇక కొబ్బరికి తగ్గిపోతుంది అని. కేతకి ఏడవలేదు. సరే అంది. పిల్లకు అర్థమైందని తల్లి సంతోషించింది.

పక్షికి తగ్గలేదు. అలవాటు పడ్డ ముక్కు అంత తొందరగా మానుకోదులే అని సువర్చల తనకు తాను చెప్పుకుంది. సెప్టెంబరులో హైదరాబాదు పశువైద్యుల సభలో తన ఇంటి కథనే ఉదాహరణగా చూపించింది. "పనిమనిషి రాక, భయం మొదలు" అని తెర మీద బొమ్మ వేసి చూపిస్తే సభ అంతా చప్పట్లు కొట్టింది. యంత్రం ఐదు ఊళ్ల ఆస్పత్రులకు వెళ్లింది.

"పక్షికి ఇంకా ఎక్కువైంది కదా. నర్సవ్వ కాదేమో?" అన్నాడు నాగేందర్ ఒకరోజు అన్నం తింటూ.

"నీకు రైలింజన్లు తెలుసు. పక్షులు నాకు తెలుసు."

అతను మజ్జిగ పోసుకున్నాడు. ఆ ఇంట్లో చదువుకున్న మాటకు ఎదురు చెప్పే అలవాటు ఎవరికీ లేదు.

లెక్కల పాఠం మాత్రం ఆగలేదు. నడుమ నడుమ పాలూ నీళ్లూ తెచ్చేవాళ్లు లేకపోవడంతో ఇంకా నిర్విఘ్నంగా సాగింది. "ఇంత చిన్నది రాదా? నీ తలకాయల ఏమున్నది? నీ వయసుకు నేను..." సువర్చల గొంతు పెద్దది. తప్పు చేసిన కొద్దీ పెరిగేది. పంజరంలో కొబ్బరి కడ్డీలు పట్టుకుని కూర్చునేది. కేతకి పుస్తకంలోకి తల దూర్చేది. జడ నేనే వేసుకుంటానంది, పెద్దదవుతోందని తల్లి మురిసిపోయింది. చలి మొదలవగానే మంకీ టోపీ పెట్టుకుంది. ఇంట్లో కూడా తీసేది కాదు.

డిసెంబరు మొదటి వారంలో కొబ్బరి చచ్చిపోయింది. పొద్దున ఐదున్నరకు తల్లీకూతుళ్లు పాఠానికి కూర్చోబోతే పంజరం అడుగున పడి ఉంది.

సువర్చల పక్షిని ఆస్పత్రికి తీసుకుపోయి తన చేత్తోనే కోసి చూసింది. కాలేయం శుభ్రంగా ఉంది. గుండె బాగుంది. రక్తంలో విషం లేదు. రొమ్ము పుండు ముదిరి ప్రాణం తీసింది. అంతకు మించి ఏ జబ్బూ లేదు. నర్సవ్వ వెళ్లిన నాలుగు నెలల తర్వాత కూడా ఇది దేనికి భయపడింది అన్న ప్రశ్న ఆమెకు అప్పుడు మొదటిసారి నిజంగా తోచింది.

తోకలో ఒక ఈక మిగిలింది. ఖదీర్ దాన్ని చర్మంలోంచి తీసి, మొదట్లో చుక్క పెట్టి, యంత్రంలో పెట్టాడు. అది నర్సవ్వ వెళ్లాక మొలిచిన ఈక. గీత మొదట కింద ఉంది. వారం వారానికి లేస్తూ పోయింది.

"మాపటిపూట ఇంట్ల ఎవరూ ఉండరు ఖదీర్," అంది సువర్చల గొణుక్కున్నట్టు. "పిల్ల ఒక్కతే ఉంటది."

"మాపటికి కాదు మేడం, పొద్దుగాల. నల్ల చార అయిపోయినంక లేస్తున్నది, చూడండి."

ఆమె చూసింది. "పాత ఈక తియ్యి."

ఖదీర్ పాత కాడను కవరులోంచి తీశాడు. ఏమనుకున్నాడో, యంత్రంలో పెట్టకుండా కొలపుల్ల తీసి ఒక చివర కొలిచాడు. రెండో చివర కొలిచాడు. మళ్లీ కొలిచాడు.

"చుక్క సన్నటి దిక్కు ఉన్నది మేడం." ఆ సిరా చుక్క ఎవరి చేతిదో అతనికి తెలుసు. అందుకే ఇంకేమీ అనకుండా కాడను బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కునే నెపంతో బయటికి పోయాడు.

సువర్చల తెర మీది బొమ్మను కుడి ఎడమగా తిప్పింది. సాయంత్రాలన్నీ ఉదయాలయ్యాయి. ఎక్కినదంతా దిగినదయింది. నర్సవ్వ రాకముందు ఇరవై రోజులూ గీత కొండలా ఉంది. ఆమె వచ్చిన నాటి నుంచి దిగిపోయి నేల మీదే ఉంది. తెల్లవారుజామున ఐదున్నర నుంచి ఏడు. ఆ వేళ ఆ గదిలో ఒక పక్షి, ఒక పిల్ల, తాను. పక్షినీ పిల్లనూ తీసేస్తే ఎవరు మిగులుతారో లెక్కలు చెప్పే మనిషికి వేరే చెప్పాలా.  సభలో వినిపించిన చప్పట్లు గుర్తొచ్చి తెర ఆర్పేసింది.

ఆ మధ్యాహ్నమే కారు తీసుకుని పరకాల దారి పట్టింది. నర్సవ్వ పత్తి చేలో ఉంది, నడుముకు సంచి కట్టుకుని పత్తి ఏరుతోంది. డాక్టరమ్మను చూసి గట్టు మీదికి వచ్చింది గానీ కూర్చోమనలేదు.

"నాదే తప్పు నర్సవ్వా. ఈకను తలకిందులు చదివిన. పక్షి భయపడ్డది నీకు కాదు, నాకు."

"గిది చెప్పనీకి ఇంత దూరం వచ్చినవా? నాకు తెల్వదా." నర్సవ్వ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నువ్వు సదువు జెప్పెటప్పుడు పిట్ట గజగజ ఒణుకుతుండె. అందుకే పంజరం వంటింట్లకు తెచ్చుకున్న. పిల్లను గుడ తెచ్చుకుందమంటె నాతోని యాడైతది? అది నీ బిడ్డ. పాలని, నీళ్లని నడుమల వస్తుంటి. నేనొస్తే నువ్వు జెరసేపు నోరు ఆపుతుంటివి."

సువర్చల కారు తాళాలు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకుంది.

"పిట్టెట్లున్నది?"

"చచ్చిపోయింది."

నర్సవ్వ చేతిలోని పత్తి సంచిలో వేసుకుంది. "పిల్ల నెత్తి జూసినవా?"

"నెత్తేంది?"

"పిట్ట ఒక్కటే పీక్కుంటున్నదనుకున్నవా డాక్టరమ్మా? నేనొచ్చిన్నాడే జూసిన. చెవెన్క బోడి. నూనె రాసి, రోజూ పై ఎంటికలు తెచ్చి కప్పి జడేస్తుంటి. నా తాన పీక్కునుడు తగ్గింది, మొలకలు గుడ వచ్చినయ్. పోయిన్నాడు అదే చెప్పబోయిన. నువ్వు ఇన్నవా?"

సువర్చల అక్కడే గట్టు మీద కూలబడి ఏడ్చింది. నర్సవ్వ ఊరడించలేదు, తిట్టనూ లేదు. కాసేపటికి, "లే. పత్తి ఏరుడు అయినంక వస్త. నీ కోసం గాదు. ముందుగాల పొయ్యి పిల్లను జూస్కో," అని చేలోకి దిగిపోయింది.

ఇల్లు చేరేసరికి నాలుగున్నర. కేతకి అప్పుడే బడి నుంచి వచ్చి ఖాళీ పంజరం పక్కన కూర్చుని ఉంది. ఆ వేళప్పుడు ఎన్నడూ ఇంటికి రాని తల్లి గుమ్మంలో కనిపించేసరికి గబుక్కున లెక్కల పుస్తకం తీసింది. ఎక్కడ తెరవాలో తెలియక పేజీలు తిప్పుతోంది.

"పుస్తకం పక్కన పెట్టు బిడ్డా."

పిల్ల పెట్టింది. కానీ వీపు నిటారుగానే ఉంది. సువర్చల పక్కన కూర్చుని మెల్లగా మంకీ టోపీ మీద చెయ్యి వేసింది. కేతకి ఒళ్లంతా బిగుసుకుంది. కాదనలేదు. ఆ పిల్లకు కాదనడం రాదు.

టోపీ కింద, ఎడమ చెవి వెనక నుంచి నడినెత్తి దాకా చర్మం నున్నగా ఉంది. అక్కడక్కడ ఎర్రటి చుక్కలు, నిన్నో మొన్నో పీకినవి. వేలాది పక్షుల ఒళ్లు చూసిన డాక్టరు. పీక్కున్న చోటును పట్టుకుంటే ఎన్నాళ్ల నుంచో చెప్పగలదు. ఏడాదికి తక్కువ కాదు. ఏడాదిగా రోజూ పొద్దున గంటన్నర సేపు ఈ తలకు ఎదురుగా కూర్చుని తాను దీని లోపల ఏముందని అరిచింది.

"ఎందుకు చెప్పలేదు బిడ్డా? నాకు చెప్పాలె కదా."

"ఇంకా పీక్కోను అమ్మా. నిజం. రేపటి సంది పీక్కోను."

"నిన్ను తిడుతలేను. ఎందుకు దాచినవో చెప్పు, చాలు."

కేతకి పంజరం వంక చూసింది. తరవాత గొంతు తగ్గించి, వెనక గదిలో షిఫ్టు దిగి పడుకున్న తండ్రికి వినపడకుండా చెప్పింది.

"కొబ్బరి పీక్కుంటుంటే నర్సవ్వను పంపించినవ్ కదా. నేను పీక్కుంటున్న అని తెలిస్తే ఎవర్ని పంపిస్తవోనని... నాన్నను పంపిస్తవా అమ్మా?"

సువర్చల టోపీని మడిచి ఒళ్లో పెట్టుకుంది. 

"నాన్నను కాదు."

"మరెవర్ని?"

"నన్ను, బిడ్డా. కారణం నేనే. నేను పోవాలె."

కేతకి తల తిప్పి తల్లి ముఖంలోకి సూటిగా చూసింది. అలా చూసి ఎన్నాళ్లయిందో.

"ఎప్పుడు పోతవ్?" అని అడిగింది. ఆ గొంతులో భయం లేదు.